అర్జునుడి నడుముకు కట్టిన మైకు

ఆ రోజు ఎవరెవర్ని తిట్టానో ఇప్పటికీ వరసగా చెప్పగలను. మొదట బ్యాటరీలు అమ్మిన అంగడివాణ్ణి. తర్వాత ఆటగాళ్ళకు రంగు పూసి వేషాలు కట్టేవాణ్ణి. ఆ తర్వాత మద్రాసులో ఆ మైకు పెట్టె నాకు అంటగట్టినవాణ్ణి, వాడు అక్కడ లేకపోయినా. గుడి పెద్దను కూడా తిట్టాను, కాకపోతే మనసులో. చివరికి అరవై ఏళ్ళు దాటిన మనిషిని, తపసుమాను ఎక్కబోతున్న అర్జునుణ్ణి కూడా వదల్లేదు. నోరు నాది, ఆపేవాళ్ళు లేరు. తిట్టాల్సింది ఎవర్నో తెలిసేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆ ఊరికి నేను మళ్ళీ మైకు కట్టలేదు. రెండు మూడేళ్ళు పిలిచారు. పోలేదు.

ఎనభైల నడిమి మాట ఇది. చిత్తూరులో మా నాయన పెట్టిన మైకుసెట్టు అంగడి నా చేతికి వచ్చి పదేళ్ళయింది. పెళ్ళికైనా, గంగజాతరకైనా, ఓట్ల మీటింగుకైనా మా లౌడుస్పీకరు గొట్టాలే. ఆ పని మనిషికి శాంతం నేర్పే పని కాదు. మైకు దొరికితే చాలు, ఉఫ్ ఉఫ్ మని ఊదేవాడొకడు, గోటితో టకటకా కొట్టేవాడొకడు. "కొట్టొద్దురా నాయనా, అది తలుపు కాదు" అని మొత్తుకునీ మొత్తుకునీ నా గొంతు పోయేది. కోపం నాకు పుట్టుకతో కొంత వచ్చింది, మిగతాది ఈ జనం పోశారు.

మా పక్క ద్రౌపదమ్మను కొలిచే ధర్మరాజుల గుళ్ళలో ఎండాకాలం పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి తపస్సు మాత్రం పట్టపగలే. గుడి ముందు బయల్లో ఎత్తయిన తాటిమాను పాతి, ఎక్కడానికి అటూ ఇటూ కొయ్యలు కొడతారు. అదే తపసుమాను. అర్జునుడి వేషం కట్టినవాడు మధ్యమధ్య ఆగి పద్యాలు పాడుతూ కొన దాకా ఎక్కాలి. కింద, పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ వరపడతారు, అంటే నేల మీద సాగిలపడి చేతులు చాచి ఉంటారు. అర్జునుడు పైనుంచి నిమ్మకాయలు, పూలు, విభూతి విసురుతాడు. నిమ్మకాయ ఎవరి చేతికి అందితే వాళ్ళ కడుపు పండుతుందని నమ్మకం.

చంద్రగిరికి ఇవతల ఒక పల్లెలో ముప్పై ఏళ్ళుగా అర్జునుడు ఒకడే. మేమందరం ఆయన్ని అర్జునుడి మామ అనే పిలిచేవాళ్ళం. ఏడాదంతా బెల్లం వండేవాడు. భారతం మొదలయిన రోజు గుళ్ళో కంకణం కట్టించుకున్నాడంటే, ఇక పద్దెనిమిది రోజులూ ఒంటిపూట తిండి, గుడి అరుగు మీద చాప. ఆ రోజుల్లో ఆయన పక్కన ఎవరూ బీడీ కూడా ముట్టించేవాళ్ళు కారు. చిన్నప్పుడు మా నాయన భుజం మీద కూర్చుని ఆ మనిషి మాను ఎక్కడం చూశాను. మైకు లేకుండా పాడితే రైలు కట్ట దాకా వినపడేది. నేను నిజంగానే అర్జునుడనుకున్నాను. భారతం ముగిసినాక ఒకరోజు బెల్లం బట్టీ దగ్గర గోచీతో కనపడితే ఏడ్చానంట, మా అమ్మ చెప్పేది.

ఆ గొంతు పోయింది. బట్టీ పొగ తిన్నదో, వయసు తిన్నదో. ముందటేడు వెనక వరసల్లోని జనం "ఇనపడ్లేదు, ఇనపడ్లేదు" అని చప్పట్లు కొట్టి గోల చేశారు. నేను మామూలు మైకు ఇచ్చే ఉన్నాను. కానీ అరవై అడుగుల మాను మీదికి వైరు లాగితే ఏమవుతుంది? అది కొయ్యలకు చుట్టుకుంది, ఆయన కాలికి తగులుకుంది, సగంలో మనిషి జారబోయాడు. దించి చూస్తే పిక్కంతా గీరుకుపోయి రక్తం. గుడి పెద్ద, వేరుశనగ మిల్లు ఆసామి, అందరి ముందరా తేల్చి చెప్పాడు.

"వచ్చే యేడు గొంతు యెనకాల దాకా రావాల. రాకపోతే కంకణం ఇంకొకరికి కడతాం. మా బామ్మర్ది కొడుకుండాడు, బాగా పాడతాడు."

బామ్మర్ది కొడుకు! ఆ కుర్రవాడికి పద్యం నోటికి రాదు, మాను చూస్తే కాళ్ళు వణుకు. అయినా ఊరంతా తలలు ఊపింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత నెల తిరక్కుండా మామ నా అంగడికి వచ్చాడు. బస్సు దిగి నడిచి వచ్చి, గడప దగ్గర నిలబడి, "అప్పా, ఉండావా?" అని పిలిచాడు. నేను ఎదురుగానే కూర్చుని ఉన్నాను.

"వైరు లేని మైకు వచ్చిందంటగదా, మద్రాసులో. నడుముకు కట్టుకుంటే సాలంట. దాన్ని నాకు తెచ్చియ్యప్పా. ఈ కంకణం పోతే నేను బెల్లం వండుకునే ముసలోడినే గదా. యింకేముండాది నాకు?"

తెస్తానన్నాను. మద్రాసు పోయి, బజారంతా తిరిగి తెచ్చాను. మన నడుముకు కట్టే పెట్టె అగ్గిపెట్టెలు రెండు పక్కపక్కన పెట్టినంత ఉంటుంది. దానికొక చిన్న మైకు, మెడలో తగిలించుకునేది. ఆ పెట్టె పంపే గొంతును పట్టుకునేది రిసీవరు. అది నా బల్ల మీద ఉంటుంది, ట్రాన్సిస్టరు రేడియోలాగా దానికొక ఏరియలు, తిప్పడానికొక బిరడా. రిసీవరు నుంచి ఆంప్లిఫయరుకు, అక్కడి నుంచి గొట్టాలకు. అంతే. మా పక్క అలాంటిది అప్పటికి ఎవరి దగ్గరా చూడలేదు. నాకు గర్వం తలకెక్కిందని ఒప్పుకోవాల్సిందే.

అంగడిలో మామ నడుముకు కట్టి వీధి చివరికి పంపాను. అక్కడ నిలబడి ఆయన రాగం తీస్తే ఇక్కడ నా అంగడి మోగిపోయింది. తిరిగొచ్చి చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

"స్విచ్చి యాడుండాదప్పా? నా యేలు పట్టుకోని దానిమింద పెట్టు."

"కండ్లెదురుగా కనపడేదాన్ని తడుముకుంటావేంది మామా! ఎర్రగా ఉండాది గదా, చూసుకో" అన్నాను. నాకు ఇంకో చోట గొట్టాలు కట్టే తొందర. ఆయన మెల్లగా వేలితో వెతుక్కుని, దొరికాక రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు.

తపస్సు రోజు పొద్దున్నే బయల్లో గొట్టాలు కట్టాను. మైకు దగ్గర గొట్టం ఉంటే కూత పెడుతుంది, కాబట్టి అన్నిటినీ మానుకు దూరంగా, జనం వెనకవైపుకు తిప్పి కట్టాను. ఒకసారి పరీక్ష చేశాను. బ్రహ్మాండంగా పలికింది. ఇక కొత్త మిషనుకు పూజ. మా నాయన నేర్పిన పద్ధతి: ఏ సెట్టయినా మొదటిసారి కట్టినప్పుడు టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి, నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది, మిషను మీద నాలుగు చుక్కలు పిండి, చెక్కలు రెండు పక్కలా పెట్టాలి. మా నాయన నాటి ఆంప్లిఫయర్లు ఇనప్పెట్టెలు, వాటి మీద ఏం పోసినా చలించేవి కావు. నేనూ అట్లాగే రిసీవరు మీద నిమ్మకాయ భక్తిగా పిండాను. గుడి పూజారి కూడా చూసి మెచ్చుకున్నాడు.

మధ్యాహ్నానికి బయలు నిండిపోయింది. ఆడవాళ్ళు తడిబట్టలతో వచ్చి మాను చుట్టూ పడుకున్నారు. ఎండ పెళపెళలాడుతోంది, నేల కాలుతోంది. అర్జునుడి మామ కాషాయం కట్టి, జడలు పెట్టుకుని, మెడనిండా రుద్రాక్షలతో వచ్చాడు. పెట్టె ఆయన నడుముకు కట్టి, మైకు రుద్రాక్షల చాటున తగిలించి, స్విచ్చి వేశాను.

గొట్టాల్లో సుయ్యిమని ఒకటే హోరు. గొంతు లేదు.

"మాట్లాడు మామా."

ఆయన పెదాలు ఆడుతున్నాయి. గొట్టాల్లో అదే హోరు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

రిసీవరు నుంచి ఆంప్లిఫయరుకు పోయే పిన్ను పీకి, దాని కొనను వేలితో ముట్టుకున్నాను. గొట్టాలు బుర్రుమన్నాయి. అంటే ఆంప్లిఫయరు, గొట్టాలు బాగున్నాయి. నడుము పెట్టెలోని బ్యాటరీ తీసి నాలుక మీద పెట్టుకున్నాను. చురుక్కుమంది. అయినా అంగడివాణ్ణి నాలుగు బూతులు తిట్టి కొత్తది వేశాను. అదే హోరు. ఏరియలు పైకి లాగాను, కిందికి నొక్కాను, పక్కకు వంచాను. బిరడా ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పాను. ఎక్కడా గొంతు తగల్లేదు.

అప్పుడు వేషాలు కట్టేవాడి మీద పడ్డాను. "నడుంపట్టీ బిగించి వైరు తెంపేసినావు గదరా!"

"నేను ముట్టుకోనేలేదన్నా. నువ్వే గదా కట్టింది" అన్నాడు పాపం.

"ఎదురు మాట్లాడొద్దు! మీలాంటోళ్ళ చేతిలో పడితే దేవుడి మిషనైనా మూలపడతాది."

ఆ మనిషి మొహం చిన్నబోయింది. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. అంతలో గుడి పెద్ద కండువా దులుపుకుంటూ వచ్చాడు.

"యేందప్పా, నీ మద్రాసు మిసను మయసభ మాదిరుండాదే! సూస్తే అన్నీ ఉండాయి, ముట్టుకుంటే ఏమీ ల్యా. ఆడబిడ్డలు యెండలో కాలిపోతా ఉండారు. ఇంక ఆలీసం వద్దు, బిన్నా ఎక్కించండి."

పక్కనే బామ్మర్ది కొడుకు నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూస్తే వాడి పళ్ళు రాలగొట్టాలనిపించింది. మామ నా భుజం మీద చెయ్యేశాడు.

"పోనీలేప్పా. నువ్వేం జేస్తావు? గొంతుతోనే పాడతా. రాతలో ఉండేది జరగతాది. ఈ పెట్టె ఆపేసి పోదునా?"

అన్నాడో లేదో అరిచాను. "ఆపొద్దు! వేసింది వేసినట్టే ఉండనీ. ఆ స్విచ్చి ముట్టుకున్నావంటే చూడు! నేనీడ సరిజేస్తా."

"ముట్టుకోనులేప్పా, కోప్పడొద్దు" అన్నాడు.

పలకలు మొదలయ్యాయి. మా పక్క డప్పును పలక అంటాం. పదిమంది పలకలవాళ్ళు మాను మొదట్లోనే నిలబడి వాయిస్తారు, పద్యం వచ్చినప్పుడు మాత్రం ఆపుతారు. మామ మానుకు మొక్కి ఎక్కడం మొదలుపెట్టాడు. ఒక కొయ్య, ఇంకొక కొయ్య, పద్యం. నా బల్ల దగ్గరికే ఆ పద్యం సగం సగం వస్తోంది. వెనక నుంచి కేకలు లేచాయి. "ఇనపడ్లేదు! ఓ మైకాయనా, నిద్ర పోతా ఉండావా?" చప్పట్లు. ఈలలు. ఆ ఈలలు వేసినవాళ్ళ పేర్లు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

రిసీవరు మరలు నాలుగూ విప్పాను. తొందరలో ఒక మర మట్టిలో పడింది. పడితే పడిందని మూత ఎత్తాను.

లోపల ఒక నిమ్మగింజ ఉంది.

గాలి కోసం పైమూతలో పెట్టిన సందుల్లోంచి నా భక్తి అంతా లోపలికి కారింది. బిరడా తిప్పితే తిరిగే రేకుల మధ్య ఎర్రటి కుంకుమ బురద. చుట్టూ తీగచుట్టల మీద పులుసు. నిమ్మగింజ సర్దుకుని కూర్చుంది. థూ, నా బతుకు చెడ! పొద్దున్నుంచి లోకాన్నంతా తిట్టాను. మా నాయన నేర్పింది ఇనప్పెట్టెకని, ఇది వేరే సరుకని నాకు ఒక్క క్షణం తోచలేదు. నా చెంప నేనే ఫెడీమని కొట్టుకున్నాను. పక్కవాళ్ళు దోమేమో అనుకున్నారు.

పెట్రోమాక్సు దీపాలు వెలిగించే స్పిరిట్టు నా పెట్టెలో ఉంది. తుడవడానికి దూది లేదు. దూది ఉండేది వేషాలు కట్టేవాడి దగ్గరే. వాడి దగ్గరికే పోయాను. నోరు తెరిచి అడగలేక చెయ్యి చాచాను. వాడు నా చేతిలోని స్పిరిట్టు సీసా చూసి గుప్పెడు దూది పెట్టాడు. నన్ను తిట్టి ఉంటే నాకు బాగుండేది.

రేకు రేకూ తుడిచాను. గింజను పిన్నీసుతో పీకి పారేశాను. పెట్టెను ఎండకు ఎత్తి పట్టుకుని ఆరబెట్టాను. పైన మామ కొన దాకా చేరిపోయాడు. ఆకాశంలో ఆయన బొమ్మంత కనపడుతున్నాడు. ఇక విసరబోతున్నాడని పలకలవాళ్ళు చెవులు పగిలేలా వాయిస్తున్నారు. మూత పెట్టకుండానే పిన్ను గుచ్చి, బిరడాను వెంట్రుకవాసి చొప్పున తిప్పాను.

హోరు ఠక్కున ఆగింది. దాని వెనక నుంచి ఒక ఊపిరి వినిపించింది. మనిషి ఊపిరి, అలిసిపోయిన ఊపిరి. ఆ తర్వాత గొంతు.

ఎంత స్పష్టంగా ఉందనుకున్నారు! బొంగురు లేదు, కీచు లేదు, పక్కనే కూర్చుని మాట్లాడినట్టుంది. నేను వాల్యూం ముప్పాతిక దాకా పెంచాను. చాలలేదనిపించి పూర్తిగా పెంచాను. గుడి పెద్ద వైపు చూసి, ఇప్పుడేమంటావు అన్నట్టు తల ఎగరేశాను. ఈలలు వేసినవాళ్ళు గమ్మునైపోయారు. నా ఛాతీ ఇంతెత్తు ఉబ్బింది. ఇదీ నేను చేసిన పని. నేను శబ్దం విన్నాను, మాట వినలేదు.

ఆయన పాడటం లేదు. మాట్లాడుకుంటున్నాడు.

"...తల్లీ ద్రౌపదమ్మా, ఈ ఒక్క తూరికి నన్ను దాటించు తల్లీ. రెండు కండ్లకూ పొరలొచ్చేసినాయి. కిందుండేదంతా తెల్లగా మబ్బు మాదిరుండాది. ఆ ఆడబిడ్డలు యాడుండారో నాకు తెలీడం లేదు. నేను ఇసిరేస్తా, యెవురి సేతికి పోవాల్నో నువ్వే సూసుకో. నా కంకణం మాత్రం తీసుకోవద్దు తల్లీ. యెవురికీ సెప్పలేదు, నీకొక్కదానికే సెప్తా ఉండా..."

వెనకున్న వందల తలలు ఒక్కసారి పైకి లేచాయి. గుడి పెద్ద నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది నాకు. వాల్యూం కిందికి తిప్పాను. తిప్పి ఏం లాభం? చెప్పాల్సిందంతా చెప్పేశాడు, వినాల్సినవాళ్ళంతా వినేశారు. అమ్మవారికి ఒక్కదానికి చెప్పుకున్న మాటను నేను నాలుగు గొట్టాలు పెట్టి ఊరికి చాటాను.

పలకల మోతలో పైన ఆయనకు ఏమీ తెలియలేదు. గొట్టాలు దూరంగా, అటు తిరిగి ఉన్నాయి గదా. అట్లా తిప్పి కట్టిందీ నేనే. ఆయన గాల్లోకి నిమ్మకాయలు విసిరాడు. నాలుగు ఆడవాళ్ళ మధ్య పడ్డాయి, ఒకటి పలకలవాడి నెత్తిన పడింది.

"గుడ్డోడ్ని ఎక్కించినామా ఇన్నాళ్ళూ!" అన్నాడు గుడి పెద్ద. "జారి పడుంటే యెవురు జవాబు చెప్పేది? యెవురి ఒళ్ళో పడతాదో తెలీకుండా ఇసిరేది వరమా?"

"అవునప్పా, అవునప్పా" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఒక్కడైనా, ఒక్కడంటే ఒక్కడైనా, ముప్పై ఏళ్ళు ఎక్కినోడు గదా అనలేదు. మాట అప్పటికే మాను మొదలు దాకా పాకింది. వరపడి లేచిన ఒకామె, తడిచీరంతా మట్టి, చేతిలో నిమ్మకాయ, మా బల్ల పక్కగా పోతూ గుడి పెద్దకు వినపడేట్టే అంది. "చూసి యేసే వరమైతే మీ ఇండ్లోళ్ళకే యేసుకుందురు. నాకిదే సాలు." ఆ వరం అవసరమున్న మనిషికి లేని అభ్యంతరం మిల్లు ఆసామికి ఎందుకొచ్చిందో నాకు ఇన్నేళ్ళయినా అర్థం కాలేదు. తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి. కానీ ఆ సాకు వాడి చేతికి అందించింది ఎవరు?

పలకలు ఆగాయి. ఆఖరి పద్యం. నేను వాల్యూం మళ్ళీ పెంచాను, ఇక పోయేదేముంది. గొంతు బయలంతా నిండింది. చిన్నప్పుడు మా నాయన భుజం మీద నుంచి విన్న గొంతే. తన గొంతు తనకే గొట్టాల నుంచి తిరిగి వినపడి ఆయన ఒక్క క్షణం ఆగాడు. తర్వాత రెట్టింపు పట్టుతో రాగం ఎత్తాడు. అంత బాగా ఎవరూ పాడలేదు, అంత తక్కువగా ఎవరూ వినలేదు. జనం అప్పటికే కంకణం ఎవరికి కట్టాలో మాట్లాడుకుంటున్నారు.

ఆయన దిగడం అందరూ చూశారు. కాలి బొటనవేలితో కొయ్యను వెతికి, దొరికాక బరువు వేసి, మళ్ళీ ఇంకొక కొయ్యను వెతుకుతున్నాడు. ప్రతి ఏడూ అట్లాగే దిగేవాడు. మేము భక్తి అనుకున్నాం.

కిందికి వచ్చిన మనిషి దగ్గరికి నేను పరుగెత్తాను. చెమటతో రంగంతా కారిపోయింది. మొహం వెలిగిపోతోంది. నా వైపు కాకుండా నా పక్కనున్న ఖాళీ వైపు చూస్తూ, "అప్పా, నువ్వేనా?" అన్నాడు.

"నేనే మామా."

"ఆఖరి పద్యం నాకే ఇనపడిందప్పా! నా గొంతు నాకే తిరిగొచ్చినాది. యెనకాల దాకా పోయిందా?"

"పోయింది మామా. యెనకాల దాకా పోయింది."

"మిసను యెబ్బుడు బాగైంది?"

ఆయన చెయ్యి నా చేతిలో ఉంది. మణికట్టుకు కంకణం, పసుపు దారం, చెమటకు తడిసి ఉంది. అబద్ధమే చెప్పాను.

"ఆ పద్యానికి ముందరే మామా. అబ్బుడే బాగైంది."

"సమయానికి బాగుచేసినావు నాయనా. నీ మేలు మర్చిపోను. నువ్వు ముట్టుకోవద్దన్నావని స్విచ్చి ముట్టుకోనేలేదు, చూడు" అన్నాడు. నేను వంగి ఆయన నడుము పెట్టె విప్పుతూ చూశాను. ఎర్ర స్విచ్చి, నేను వేసింది వేసినట్టే ఉంది.

"ఇంక వచ్చే యేడు గూడా కంకణం నాకే గదప్పా?" అన్నాడు.

ఆ మాటా గొట్టాల్లో మోగింది. అప్పుడు ఆపాను ఆ స్విచ్చిని.